చర్చ: సంక్షోభంలో నియంత ఎట్లా పాతుకుంటాడు? ఎవరి సంతకంతో, ఎన్నాళ్లకు?

గ్రంథాలయం_గడప (కర్నూలు)

అందరికీ నమస్కారం. జూన్ 25 దగ్గర పడింది. ఆ సాయంత్రం మా చదువరుల బృందం ఎమర్జెన్సీ గురించి గంటసేపు మాట్లాడుకోబోతోంది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది గ్రూప్-1, గ్రూప్-2కు తయారవుతున్న పిల్లలు. ఎమర్జెన్సీ పెట్టే 352వ అధికరణ, రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్, 1975 జూన్ 25 అని నిద్రలో లేపి అడిగినా చెప్తారు. కానీ "రాజకీయ సంక్షోభం వచ్చినప్పుడు కొన్ని దేశాల్లో ప్రభుత్వం ఒక్కటే పడిపోతుంది, కొన్నిచోట్ల ప్రజాస్వామ్యమే పడిపోతుంది, తేడా ఎక్కడ?" అంటే అందరూ తలలు వంచుకుంటారు. గైడ్లలో ఆర్థిక మాంద్యం, అశాంతి, బలమైన నాయకుడి కోసం జనం ఎదురుచూపు అని మూడు ముక్కలు రాసి వదిలేస్తారు. ఆ మూడింటికీ నియంత కుర్చీకీ మధ్య ఏం జరుగుతుందో నాకు కావాలి. ఏ కాగితం, ఎవరి సంతకం, ఎక్కడ ఆపగలిగేవాళ్లు, ఎందుకు ఆపలేదు? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

మోడరేటర్

మంచి అంశం. ఇప్పటి పార్టీల మీద, నాయకుల మీద వాదులాట మొదలైతే తీసేస్తాను. ఆధారం ఉన్న మాటే రాయండి.

చరిత్ర_లెక్చరర్ (కర్నూలు)

జర్మనీతో మొదలుపెట్టండి. అక్కడ ప్రతి మెట్టూ కాగితం మీద ఉంది. అందరూ 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ (ప్రధాని) అయిన రోజు నుంచి చెప్తారు. పిల్లలకు 1930 మార్చి 27 నుంచి చెప్పాలి. ఆ రోజు హెర్మన్ ముల్లర్ సంకీర్ణ ప్రభుత్వం రాజీనామా చేసింది. తగాదా దేని మీదంటే, నిరుద్యోగ బీమా చందా జీతంలో మూడున్నర శాతం ఉంచాలా, నాలుగు చేయాలా అని. అర శాతం దగ్గర పార్టీలు పట్టు విడవలేదు. అప్పటికి పార్లమెంటులో నాజీలు 12 మందే.

తర్వాత ఛాన్సలర్‌గా వచ్చిన బ్రూనింగ్‌కు సభలో మెజారిటీ లేదు. అప్పటి జర్మనీ రాజ్యాంగం, అంటే వైమార్ రాజ్యాంగం, 48వ అధికరణ ప్రకారం శాంతిభద్రతలకు ముప్పు వస్తే అధ్యక్షుడు డిక్రీలు, అంటే సభ ఓటు లేకుండానే చట్టంలా పనిచేసే ఉత్తర్వులు, ఇవ్వొచ్చు. విరుగుడు కూడా అందులోనే పెట్టారు: సభ కోరితే డిక్రీని వెనక్కి తీసుకోవాలి. అయితే 25వ అధికరణ అధ్యక్షుడికి సభనే రద్దు చేసే అధికారం ఇచ్చింది. ఈ రెంటినీ కలిపి వాడితే ఏమవుతుందో 1930 జూలైలో తేలింది. బ్రూనింగ్ ఆర్థిక బిల్లును సభ తిప్పికొట్టింది. ఆయన దాన్నే డిక్రీగా తెచ్చాడు. జూలై 18న సభ ఓటు వేసి ఆ డిక్రీ చెల్లదంది. అదే రోజు సభ రద్దయింది, కొద్ది రోజులకే డిక్రీ మళ్లీ వచ్చింది. సెప్టెంబర్ 14 ఎన్నికల్లో నాజీల 12 సీట్లు కాస్తా 107 అయ్యాయి.

ఆ తర్వాత 1931లో పార్లమెంటు చేసిన చట్టాలు 34, డిక్రీలు 44. 1932లో చట్టాలు 5, డిక్రీలు అరవైకి తక్కువ కాదు. అంటే హిట్లర్ వచ్చేనాటికి సభ లేకుండా దేశాన్ని నడపడం ఆఫీసర్లకూ జడ్జీలకూ జనానికీ అలవాటై రెండేళ్లు దాటింది. ఈ అలవాటు దగ్గరే ఆగి మాట్లాడమని నా సలహా.

ఇంకొక్కటి. 1932 జూలై 20న ఛాన్సలర్ పాపెన్, ఇదే 48వ అధికరణతో ప్రష్యా రాష్ట్ర ప్రభుత్వాన్ని తీసేశాడు. జర్మనీ జనాభాలో సగానికి పైగా ప్రష్యాలోనే ఉండేది. అక్కడి పోలీసు కేంద్రం చేతిలోకి పోయింది. ఆరు నెలల తర్వాత నాజీ నాయకుడు గోరింగ్‌కు ఆ పోలీసు శాఖ అప్పనంగా దొరికింది. దానికి దారి వేసిన పాపెన్ నాజీ కాదు.

గుత్తి_గవిని (గుత్తి)

సార్, అంతా బాగనే చెప్పినారు గానీ దీంట్లో ఆకలి యాడుంది? 1932 మొదట్లో జర్మనీలో 60 లక్షల మందికి పని లేదు. కూడు లేనోనికి 48 ఏంది, 25 ఏంది? కరువు సీమలో ఉండేటోళ్లం, కడుపు కాలితే మనిషి ఎవురెంబడి పోతాడో మనకు తెలీదా? కాగితాల లెక్క పైపైది, అసలు కారణం ఆర్థికమే అని నా వాదన.

చరిత్ర_లెక్చరర్ (కర్నూలు)

గవిని అన్నా, ఆకలిని కాదనడం లేదు. 107 సీట్లు ఆకలి వల్లే వచ్చాయి, ఒప్పుకుంటాను. కానీ అమెరికాలో 1933లో నలుగురు పనివాళ్లలో ఒకరికి పని లేదు, అక్కడ ఎన్నికలు ఆగలేదు. జర్మనీలో కూడా ఓట్లు ఏం చెప్తున్నాయో చూడండి. 1932 జూలైలో నాజీలకు 37.3 శాతం, 230 సీట్లు. నవంబర్‌లో 33.1 శాతం, 196 సీట్లు. నాలుగు నెలల్లో 20 లక్షల ఓట్లు పోయాయి. వాళ్లు దిగిపోతున్న సమయంలో కుర్చీ ఇచ్చారు.

ఇచ్చింది ఎవరు? అధ్యక్షుడు హిండెన్‌బర్గ్, మధ్యవర్తి పాపెన్. మంత్రివర్గంలో హిట్లర్‌తో కలిపి నాజీలు ముగ్గురే. మిగతా అందరూ మనవాళ్లే, వైస్ ఛాన్సలర్‌గా నేనే ఉంటాను, పగ్గాలు మన చేతిలో ఉంటాయని పాపెన్ నమ్మకం. ఆ ముగ్గురిలో ఫ్రిక్‌కు కేంద్ర హోం శాఖ, గోరింగ్‌కు ప్రష్యా హోం శాఖ. అంటే పోలీసులో పెద్ద భాగం వాళ్లదే. సంఖ్య లెక్కపెట్టుకున్నవాళ్లు శాఖలు లెక్కపెట్టుకోలేదు.

నల్లరేగడి (ఆదోని)

లెక్చరర్ సార్ దానికి జోడీగా ఇటలీ పెట్టండి, సరిగ్గా అతుకుతాది. 1922 అక్టోబర్ 28. ఫాసిస్టు నాయకుడు ముస్సోలినీ మనుషులు రోమ్ మీదికి వస్తాండారు. ప్రధాని ఫాక్టా సైనిక పాలన ఉత్తర్వు తయారు చేసి రాజు దగ్గరికి పంపినాడు. రాజు విక్టర్ ఇమ్మాన్యుయేల్ సంతకం పెట్టలేదు. ఆ సంతకం పడుంటే సైన్యం చేతిలో ఆ గుంపు నిలబడేది కాదని చరిత్రకారులు చానామంది అంటారు. వచ్చినోళ్లకు సరైన ఆయుధాలు లేవు, వానలో తడిసిపోయినారు. రాజు ఆ ఉత్తర్వు పక్కన పెట్టి ముస్సోలినీకే ప్రధాని పదవి ఇచ్చినాడు. 535 మంది సభలో ఫాసిస్టులు 35 మంది.

నియంత కోసం పెట్టే సంతకమే కాదు, పెట్టకుండా వదిలేసిన సంతకం కూడా లెక్కలోకి రావల్ల.

రెండో మెట్టు అచెర్బో చట్టం అనే ఎన్నికల చట్టం, 1923. ఎక్కువ ఓట్లు వచ్చిన జాబితాకు 25 శాతం దాటితే చాలు, మూడింట రెండు వంతుల సీట్లు. సంకీర్ణాలతో విసిగిపోయినాం, స్థిరమైన ప్రభుత్వం కావల్ల అని చెప్పి పాస్ చేయించినారు. ఫాసిస్టులు కాని సభ్యులు కూడా దానికి ఓటేసినారు.

మూడోది ప్రతిపక్షం చేసిన తప్పు. 1924 జూన్ 10న సోషలిస్టు నాయకుడు మత్తెయోట్టిని ఎత్తుకుపోయి చంపినారు. దేశం అట్టుడికిపోయింది, ముస్సోలినీ కుర్చీ నిజంగానే కదిలింది. అప్పుడు ప్రతిపక్షాలు సభలో ఉండి అవిశ్వాసం పెట్టల్ల గదా? వాకౌట్ చేసి బయట కూర్చున్నారు, రాజు ఏమన్నా చేస్తాడని. రాజు కదల్లేదు. 1925 జనవరి 3న ముస్సోలినీ సభలో నిలబడి అంతా నా బాధ్యతే, ఏం చేసుకుంటారో చేసుకోండి అనే అర్థంలో మాట్లాడినాడు. ఎదురుగా కుర్చీలు ఖాళీ. ఆ తర్వాత ఆ సభ్యులను మళ్లీ లోపలికి రానీలేదు.

గ్రంథాలయం_గడప (కర్నూలు)

నల్లరేగడి అన్నా, చాలా పనికొచ్చే మాట. లెక్చరర్ గారూ, జర్మనీలో 1933 ఫిబ్రవరి, మార్చి నెలల లెక్క కూడా కొంచెం విప్పి చెప్పండి. మూడింట రెండు వంతులు ఎట్లా వచ్చాయని పిల్లలు తప్పకుండా అడుగుతారు.

చరిత్ర_లెక్చరర్ (కర్నూలు)

బోర్డు మీద వేసి చూపించండి, లెక్క తేలికే.

ఫిబ్రవరి 27 రాత్రి పార్లమెంటు భవనం తగలబడింది. మర్నాడే డిక్రీ. మాట స్వేచ్ఛ, పత్రికలు, సభలు, ఉత్తరాల గోప్యత, అరెస్టు నుంచి రక్షణ, అన్నీ "తదుపరి ఉత్తర్వుల వరకు" రద్దు. ఆ తదుపరి ఉత్తర్వు 1945 దాకా రాలేదు. భవనాన్ని ఎవరు తగలబెట్టారన్న చర్చలో పిల్లల్ని ఇరికించకండి, అది గంటంతా తినేస్తుంది. ఇరవై నాలుగు గంటల్లో కాగితం ఎట్లా సిద్ధమైందో అడగండి. మూడేళ్లుగా డిక్రీలు రాసి రాసి ఆఫీసుకు చేయి తిరిగిపోయి ఉంది.

మార్చి 5 ఎన్నికలు. ఇంత జరిగినా నాజీలకు 43.9 శాతమే, 647లో 288. మిత్రపక్షం జాతీయవాదులు 52. మొత్తం 340. ప్రభుత్వం నడపడానికి చాలు. రాజ్యాంగాన్ని పక్కన పెట్టి ప్రభుత్వమే చట్టాలు చేసుకునే అధికార దత్త చట్టానికి (ఎనేబ్లింగ్ యాక్ట్) సభ నిండుగా ఉంటే 432 ఓట్లు కావాలి. 92 తక్కువ.

ఓట్లు పెంచలేనప్పుడు హాజరైనవాళ్లను తగ్గించారు. కమ్యూనిస్టులు 81 మందిని రానివ్వలేదు. సోషల్ డెమోక్రాట్లు 120 మందిలో 26 మంది జైల్లోనో పరారీలోనో ఉన్నారు. మార్చి 23న ఓటు వేసినవాళ్లు 538. అందులో మూడింట రెండు వంతులు 359. ఇప్పుడు 19 మాత్రమే తక్కువ. సభ్యులు రాకపోతే కోరం, అంటే సభ నడవడానికి కావాల్సిన కనీస హాజరు, పోతుంది కాబట్టి, సెలవు అడగకుండా గైర్హాజరైనవాళ్లను హాజరైనట్టే లెక్కించాలని స్పీకర్‌గా ఉన్న గోరింగ్ నియమావళి మార్పించాడు. సెంటర్ పార్టీ 70 మందికి పైగా, కొన్ని నోటిమాట హామీలు నమ్మి అవునన్నారు. 444 అనుకూలం, 94 వ్యతిరేకం. ఆ 94 మందీ సోషల్ డెమోక్రాట్లే. చుట్టూ యూనిఫాం మనుషులు నిలబడి ఉండగా వాళ్ల నాయకుడు ఓటో వెల్స్ లేచి వ్యతిరేకంగా మాట్లాడాడు. ఆయన పేరు పిల్లలకు తెలియాలి.

ఆ చట్టానికి గడువు నాలుగేళ్లని రాసి ఉంది. 1937లో పొడిగించారు, 1939లో మళ్లీ పొడిగించారు. పొడిగించే సభలో ఒక్క పార్టీ తప్ప లేదు.

కడప_వకీలు (కడప)

లెక్చరర్ గారి చివరి మాట దగ్గర నుంచి అందుకుంటాను. గడువు పెడితే సరిపోదు, గడువు ముగిసిన రోజు కాదనగలిగేవాళ్లు బయట ఉండాలి. మన 1975ను ఈ కోణంలో చూస్తే చట్టంలో చిల్లులు ఎక్కడున్నాయో కనబడతాయి.

మొదటి చిల్లు గురించి ఎవరూ మాట్లాడరు. 1971 డిసెంబర్ 3న పాకిస్తాన్ యుద్ధం కోసం పెట్టిన ఎమర్జెన్సీని 1975 జూన్ నాటికి ఎత్తేయలేదు. యుద్ధం రెండు వారాల్లో ముగిసింది. ఎమర్జెన్సీ మూడున్నరేళ్లు అట్లే ఉండిపోయింది. రెండోది దాని మీద వచ్చి కూర్చుంది.

రెండో చిల్లు సంతకం. జూన్ 12న అలహాబాద్ హైకోర్టులో జస్టిస్ జగ్‌మోహన్‌లాల్ సిన్హా ప్రధాని ఇందిరాగాంధీ ఎన్నికను రద్దు చేశారు. 24న సుప్రీంకోర్టు షరతులతో స్టే ఇచ్చింది. 25 రాత్రి రాష్ట్రపతి సంతకం అయిపోయింది. మంత్రివర్గం సమావేశమైంది 26 తెల్లవారి. జరిగిపోయినదానికి తలూపడానికి పిలిచారన్నమాట. అప్పటి 352లో 'ఆంతరంగిక కల్లోలం' అనే మాట ఉండేది. సమ్మె కూడా కల్లోలమే, ఊరేగింపు కూడా కల్లోలమే. 1974 మేలో రైల్వే సమ్మె, గుజరాత్, బీహార్ ఉద్యమాలు, 20 శాతం దాటిన ధరలు, సంక్షోభం నిజంగానే ఉంది. కానీ సంతకం పడింది కోర్టు తీర్పు వచ్చిన 13 రోజులకు.

మూడోది, పార్లమెంటు రెండు నెలల్లో మామూలు మెజారిటీతో ఆమోదిస్తే ఇక కాలపరిమితి లేదు. ప్రతిపక్ష నాయకులు చాలామంది జైల్లో ఉండగానే ఆమోదం అయింది.

తర్వాత వేగం చూడండి. ప్రధాని ఎన్నికను కోర్టులు విచారించరాదనే 39వ సవరణ ఆగస్టు 7న లోక్‌సభ, 8న రాజ్యసభ, 9న రాష్ట్రాల శాసనసభలు, 10న రాష్ట్రపతి సంతకం. 11న సుప్రీంకోర్టులో ఆ ఎన్నిక కేసు విచారణ. నాలుగు రోజుల్లో రాజ్యాంగం మారింది! నవంబర్ 7న సుప్రీంకోర్టు ఆ సవరణలో ముఖ్యమైన భాగాన్ని కొట్టేసింది, 1973 కేశవానంద భారతి తీర్పులోని మౌలిక స్వరూపం సూత్రం ఆధారంగా, అంటే రాజ్యాంగం మూల లక్షణాలను సవరణతో కూడా తీసేయకూడదని. అయితే వెనకటి తేదీ నుంచి ఎన్నికల చట్టాన్ని మార్చి ఉన్నారు కాబట్టి ఎన్నిక మాత్రం నిలబడింది.

లోక్‌సభ గడువు 1976 మార్చిలో ముగియాలి. 83వ అధికరణ వాడి ఏడాది, తర్వాత ఇంకో ఏడాది పొడిగించారు. 42వ సవరణ గడువునే ఆరేళ్లు చేసింది.

కోర్టుల సంగతి వేరే చెప్పాలి. విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం కింద పట్టుకుపోయినవాళ్ల హెబియస్ కార్పస్ పిటిషన్లు, అంటే మనిషిని కోర్టు ముందు పెట్టమని అడిగేవి, వినొచ్చని తొమ్మిది హైకోర్టులు అన్నాయి. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు నలుగురు జడ్జీల మెజారిటీతో కుదరదంది. కాదన్న ఒకే ఒక్క జడ్జి హెచ్.ఆర్. ఖన్నా. 1977 జనవరిలో సీనియారిటీ ప్రకారం ప్రధాన న్యాయమూర్తి కావాల్సిన ఆయన్ను దాటేసి వేరొకరిని చేశారు, ఆయన రాజీనామా చేశారు. ఈ దాటేయడం 1973లోనే మొదలైంది, ముగ్గురు సీనియర్లను పక్కనపెట్టి. ఆనాడు ఊరుకున్నందుకు మూడేళ్లకు బిల్లు వచ్చింది. ఎమర్జెన్సీ మీద విచారణ చేసిన షా కమిషన్ లెక్కలో మీసా కింద 34,988 మంది, దేశ రక్షణ నియమాల కింద 75,818 మంది జైళ్లకు పోయారు.

పాత_డెస్కు (అనంతపురం)

పత్రికల వైపు నుంచి రాస్తాను. సెన్సార్ అంటే ఎర్ర పెన్సిల్ పట్టుకున్న ఆఫీసరు అనుకుంటారు పిల్లలు. మొదటి రాత్రి పెన్సిల్ కూడా అక్కర్లేకపోయింది. ఢిల్లీలో చాలా పత్రికల ప్రెస్సులు బహదూర్‌షా జఫర్ మార్గ్‌లో ఉంటాయి. 25 రాత్రి ఆ వైపు కరెంటు తీసేశారు. 26న ఆ వీధి పత్రికలు రాలేదు. హిందుస్తాన్ టైమ్స్, స్టేట్స్‌మన్ కన్నాట్ ప్లేస్ దగ్గర ఉండటంతో వాటి కరెంటు న్యూఢిల్లీ మునిసిపాలిటీ లైన్ నుంచి వచ్చేది. అవి బయటికొచ్చాయి.

తర్వాత పద్ధతి ఇది. వార్త పేజీలో పెట్టకముందే సెన్సార్ ఆఫీసులో చూపాలి. నిషేధాల్లో చాలా భాగం ఫోన్లో చెప్పేవాళ్లు, చేతికి కాగితం ఇచ్చేవాళ్లు కాదు. కాగితం ఉంటేనే గదా కోర్టుకు పోయేది. జూన్ 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం చోటు ఖాళీగా వదిలింది. ఖాళీ కూడా మాట్లాడుతుందని సర్కారుకు అర్థమై, ఖాళీలు వదలరాదని కూడా అన్నారు. సభలో సభ్యులు మాట్లాడింది వేయొచ్చనే 1956 చట్టం రద్దయింది. కోర్టులు పత్రికల పక్షాన తీర్పిస్తే ఆ తీర్పు వార్త కూడా సెన్సార్ దాటాలి.

జిల్లా పత్రికను అన్నిటికన్నా దెబ్బకొట్టింది వార్తా ఏజెన్సీల విలీనం. పి.టి.ఐ., యు.ఎన్.ఐ., హిందుస్తాన్ సమాచార్, సమాచార్ భారతి, ఈ నాలుగూ 1976 ఫిబ్రవరిలో 'సమాచార్' అనే ఒక్క సంస్థ అయ్యాయి. అనంతపురంలాంటి చోట డెస్కుకు బయటి లోకం టెలిప్రింటర్ మీదుగానే వస్తుంది. నాలుగు కుళాయిలకు బదులు ఒకటే ఉంటే, పైనెక్కడో ఒక్కడు తిప్పితే చాలు. ఉత్తరాదిన బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల సంగతి మన సీమ పల్లెలకు ఎంత చేరిందో ఊహించుకోండి. 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి.

1977 మార్చి ఎన్నికల్లో ఉత్తరాదిలో కాంగ్రెస్ దాదాపు మొత్తం ఊడ్చుకుపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 42 సీట్లలో కాంగ్రెస్‌కు 41. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల, మా అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషి నీలం సంజీవరెడ్డి జనతా తరఫున గెలిచిన సీటు. సెన్సార్ ఒక్కటే కారణమని అనను, ఇక్కడ ఆపరేషన్ల జులుం అంత లేదు, పార్టీ వేళ్లు గట్టివి. అయినా వార్త చేరకపోవడం ఓటు దాకా పోతుందనడానికి ఇంతకన్నా దగ్గర ఉదాహరణ సీమలో పిల్లలకు దొరకదు.

గుత్తి_గవిని (గుత్తి)

డెస్కు సార్, బాగా చెప్పినారు. నాకు ఇంకో అనుమానం. ఇదంతా జనానికి తెలీక జరిగినట్టు చెప్తాండారు. జనమే కావాలన్నప్పుడో? పెరూలో 1992 ఏప్రిల్ 5న అధ్యక్షుడు ఫుజిమోరి సైన్యంతో పార్లమెంటు మూయించినాడు. చానామంది చప్పట్లు కొట్టినారు గదా. ఆ ముందు రెండేండ్లు ధరలు ఆకాశంలో ఉండె, షైనింగ్ పాత్ అనే సాయుధ దళం బాంబులు పేల్చబట్టె. ఎల్ సాల్వడార్ కూడా అంతే. 2022 మార్చిలో మూడు రోజుల్లో 87 హత్యలు. ఎమర్జెన్సీ పెట్టినారు, ముఠాలు అణిగినాయి, జనం మళ్లీ అధ్యక్షుడు బుకేలేనే గెలిపించినారు. వాళ్లకు మనమేం చెప్పల్ల?

కడప_వకీలు (కడప)

గవిని గారూ, సూటి ప్రశ్న. ఎల్ సాల్వడార్ రాజ్యాంగంలో ఆ ఎమర్జెన్సీ గడువు 30 రోజులే. కాగితం మీద మనకన్నా గట్టి షరతు. అయితే ప్రతి నెలా పొడిగించుకుంటూ పోయారు. ఎందుకు కుదిరిందంటే, హత్యలకు పది నెలల ముందే, 2021 మే 1న, కొత్త సభ మొదటి రోజే రాజ్యాంగ ధర్మాసనం జడ్జీలనూ అటార్నీ జనరల్‌నూ తీసేసింది. 2025 జూలైలో అధ్యక్షుడు ఎన్నిసార్లైనా పోటీ చేయొచ్చని రాజ్యాంగం మార్చారు. ముఠాల భయం నిజం, జనం ఊరట నిజం. ఆ ఊరటకు ఇచ్చుకున్న ధర ఏమిటో, తప్పుగా పట్టుకుపోయిన కొడుకు కోసం తల్లి ఏ కోర్టు గడప ఎక్కాలో అడిగినప్పుడు తెలుస్తుంది.

జనం మద్దతు ఉన్నప్పుడే కాపలా ఎక్కువ ఉండాలి, మద్దతు లేని పాలకుడిని ఎట్లాగూ ఎవరో ఒకరు ఆపుతారు. ఈ విషయంలో దక్షిణాఫ్రికా రాజ్యాంగం 37వ సెక్షన్ నాకు నచ్చుతుంది. ఎమర్జెన్సీ మొదట 21 రోజులు. దాటాలంటే సభ ఆమోదం, ఒకసారికి మూడు నెలలకు మించకూడదు. మొదటి పొడిగింపుకు మొత్తం సభ్యుల్లో సగానికి మించితే చాలు, రెండోదాని నుంచి 60 శాతం కావాలి, అదీ బహిరంగ చర్చ తర్వాతే. కాలం గడిచేకొద్దీ పొడిగించడం కష్టమయ్యేలా కట్టారు. మామూలుగా దీనికి తిరగబడి జరుగుతుంది, మొదటి నెల అందరూ అరుస్తారు, పదో నెలకు అలవాటు పడతారు.

నల్లరేగడి (ఆదోని)

ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు మార్కోస్‌ను మరిచిపోయినారు. అక్కడ రెండుసార్లకు మించి అధ్యక్షుడు కాకూడదు, ఆయన గడువు 1973 ఆఖరుకు అయిపోతాది. 1972 సెప్టెంబర్ 22 రాత్రి రక్షణ మంత్రి ఎన్రిలే కాన్వాయ్ మీద దాడి జరిగిందన్నారు. మర్నాడు మార్షల్ లా ప్రకటన. ఆ 1081 నంబరు ప్రకటన కాగితం మీద తేదీ చూడండి, సెప్టెంబర్ 21. దాడి కన్నా కాగితం ఒక రోజు ముందు పుట్టింది. కొత్త రాజ్యాంగాన్ని 1973 జనవరిలో ఊరూరా జనాన్ని కూర్చోబెట్టి చేతులెత్తించి ఆమోదించినామన్నారు. రహస్య బ్యాలెట్ లేకుండా చేతులెత్తమంటే అది ఓటు కాదని పిల్లలకు చెప్పండి.

సీమ_చదువరి (ప్రొద్దుటూరు)

పాకిస్తాన్ నుంచి రెండు ముక్కలు. 1958 అక్టోబర్ 7న అధ్యక్షుడు ఇస్కందర్ మీర్జా రాజకీయ గందరగోళం సాకుతో రాజ్యాంగాన్ని రద్దు చేసి, జనరల్ అయూబ్ ఖాన్‌ను మార్షల్ లా అధికారిగా పెట్టాడు. అక్టోబర్ 27న అయూబ్ ఆయన్నే దించేశాడు. మీర్జా తనను కాపాడే కాగితం తానే చించేశాడు, ఇరవై రోజులు నిలిచాడు. అదే నెలలో అక్కడి సుప్రీంకోర్టు, విజయవంతమైన తిరుగుబాటే కొత్త చట్టానికి మూలమని తీర్పు రాసింది. 1977 జూలై 5న జియా వచ్చి 90 రోజుల్లో ఎన్నికలు పెడతానన్నాడు. 1988లో చనిపోయేదాకా దిగలేదు.

గ్రంథాలయం_గడప (కర్నూలు)

పడిపోయిన కథలే చెప్తే పిల్లలు నీరసపడిపోతారు. నిలబడినవి కూడా కావాలి. ఎవరు, ఏం చేసి ఆపారు?

నల్లరేగడి (ఆదోని)

దక్షిణ కొరియా చెప్పప్పా. 2024 డిసెంబర్ 3 రాత్రి పదిన్నర ప్రాంతంలో అధ్యక్షుడు యూన్ టీవీలో మార్షల్ లా అన్నాడు. వాళ్ల రాజ్యాంగం 77వ అధికరణలో, సభలో మొత్తం సభ్యుల్లో సగానికి మించి కోరితే అధ్యక్షుడు ఎత్తేయల్ల అని ఉంది. 300లో 151 మంది సభ లోపల భౌతికంగా ఉండల్ల, అదే అసలు పని. పోలీసులు గేట్లు మూసినారు. స్పీకర్‌తో సహా సభ్యులు గోడలు దూకి లోపలికి పోయినారు. సిబ్బంది బల్లలు, కుర్చీలు తలుపులకడ్డం వేసినారు. సైనికులు కిటికీలు పగలగొట్టుకొని వచ్చినారు. రాత్రి ఒంటిగంటకు 190 మంది ఉన్నారు, 190 ఓట్లూ ఎత్తేయమనే పడినాయి. అధ్యక్షుని సొంత పార్టీవాళ్లు కూడా వాటిలో ఉన్నారు. తెల్లవారకముందే ఎత్తేసినారు. 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం ఆయన్ను పదవి నుంచి తీసేసింది.

ఇటలీలో వాకౌట్ చేసినోళ్లను, ఇక్కడ గోడ దూకి లోపలికి పోయినోళ్లను పక్కపక్కన పెట్టి చూపించండి.

చరిత్ర_లెక్చరర్ (కర్నూలు)

మన ఊరి ఉదాహరణ ఒకటి ఇస్తాను, చిన్నదే. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయిన ఏడాదికే, 1954 నవంబర్‌లో, ప్రకాశం పంతులు ప్రభుత్వం మద్యనిషేధం విషయంలో అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. కొత్త రాష్ట్రం, ఆఫీసులు డేరాల్లో, ఎవరికీ మెజారిటీ లేదు. సంక్షోభమే గదా? ప్రకాశం దిగిపోయారు, రాష్ట్రపతి పాలన వచ్చింది, 1955 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి, మార్చి ఆఖరుకు బెజవాడ గోపాలరెడ్డి ప్రభుత్వం వచ్చింది. ఒక్క ఓటుతో ఓడినాయన ఆ ఓటును కొనలేదు, సభ తలుపులు మూయలేదు. ఓడితే ఏం చేయాలో అందరికీ ముందే తెలుసు, ఎన్నికల తేదీ కంటికి కనిపిస్తోంది. సంక్షోభం నాలుగున్నర నెలల్లో ముగిసింది. దాని గురించి ఎవరూ పుస్తకాలు రాయరు, నిలబడినవాటి గతి అది.

గ్రంథాలయం_గడప (కర్నూలు)

ఇది తప్పకుండా చెప్తాను. ఆఖరి ప్రశ్న వకీలు మేడంకి. ఎమర్జెన్సీ తర్వాత 352ను మార్చిన 44వ సవరణతో మనకు కొరియా 77 లాంటిది వచ్చిందా? ఒక సామాన్య ఎంపీ ఏం చేయగలడు, మెట్టు మెట్టుగా చెప్తారా?

కడప_వకీలు (కడప)

ఉంది, చాలామందికి తెలియదు.

ముందు పెట్టేటప్పుడు: 'ఆంతరంగిక కల్లోలం' పోయి 'సాయుధ తిరుగుబాటు' వచ్చింది. కేంద్ర మంత్రివర్గం నిర్ణయం రాతపూర్వకంగా అందితేనే రాష్ట్రపతి ప్రకటించాలి. ఉభయ సభలూ నెలలోపు ఆమోదించాలి, మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులు. ఆరు నెలలకోసారి మళ్లీ అంతే. 20, 21 అధికరణలను, అంటే నేరాలకు శిక్ష వేసే విషయంలో ఉన్న రక్షణనూ ప్రాణానికీ వ్యక్తి స్వేచ్ఛకూ ఉన్న రక్షణనూ, ఎమర్జెన్సీలో కూడా ఆపకూడదు. ఖన్నా గారి భిన్నాభిప్రాయం రాజ్యాంగంలోకి ఎక్కింది ఇక్కడే. ఆ సవరణ మీద 1979లో సంతకం పెట్టిన రాష్ట్రపతి నంద్యాల నుంచి గెలిచి వెళ్లిన సంజీవరెడ్డి గారు.

ఎత్తేయించేటప్పుడు: 352లో ఏడు, ఎనిమిది క్లాజులు. లోక్‌సభ మొత్తం సభ్యుల్లో పదో వంతు, 543కి 55 మంది, ఎమర్జెన్సీని కాదనే తీర్మానం పెడతామని సంతకాలతో నోటీసు ఇవ్వాలి. సభ జరుగుతుంటే స్పీకర్‌కు, జరగకపోతే రాష్ట్రపతికి. నోటీసు అందిన 14 రోజుల్లో ప్రత్యేక సమావేశం పెట్టి తీరాలి. పెట్టడానికి మూడింట రెండు వంతులు కావాలి, తీయడానికి మామూలు మెజారిటీ చాలు. తీర్మానం నెగ్గితే రాష్ట్రపతి రద్దు చేయాల్సిందే. రాజ్యసభకు ఈ అధికారం లేదు.

లోపం కూడా చెప్పాలి. ఆ 55 మంది సంతకాలు పెట్టడానికి జైలు బయట ఉండాలి. ముందస్తు నిర్బంధాన్ని అనుమతించే 22వ అధికరణ అట్లాగే ఉంది. సలహా మండలి ఆమోదం లేకుండా నిర్బంధించే గడువును మూడు నెలల నుంచి రెండు నెలలకు తగ్గించే భాగం 44వ సవరణలో ఉంది, పార్లమెంటు పాస్ చేసింది, కానీ దాన్ని అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్‌ను ఇంతవరకు ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు. 25వ తేదీ పిల్లలతో మాట్లాడేటప్పుడు బేర్ యాక్ట్‌లో (వ్యాఖ్యానం లేని చట్టం పుస్తకంలో) 22వ అధికరణ కింద చిన్న అక్షరాల్లో ఉన్న ఫుట్‌నోట్ తెరిచి చదివించండి.